ఇన్నమ్మవ్వ కోసం కొన్న తీగలు

బేస్ గిటారుకు నాలుగే తీగలు. మా బూర్గంపాడు యేసు గుడి గాన బృందంలో కుర్రాళ్ళంతా ఆరు తీగల గిటారు కోసం కొట్టుకుంటూ ఉంటే, ఎవరికీ అక్కర్లేని ఈ నాలుగు తీగలది నా చేతికొచ్చింది. "ఏమున్నదక్కా దాంట్ల, డుం డుం అనుడే గద" అని నవ్వారు. నవ్వితే నవ్వనీ. నేను భద్రాచలం డిపోలో కండక్టర్ని. సంత రోజున కోళ్ళ గంపలూ ఇప్పపువ్వు మూటలూ దాటుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి టికెట్లు కొట్టేదాన్ని. పిల్లకాయల నవ్వులకు తగ్గుతానా?

ఆ గిటారు నాకు అచ్చొచ్చింది. బరువుగా, మొండిగా, అచ్చం నాలాగే ఉంటుంది. వేళ్ళు కాయలు కాసేదాకా వాయించి నేర్చుకున్నాను. గోదావరి ఊళ్ళోకి వచ్చిపోయిన పెద్ద వరద తర్వాతి ఏడు, రెండువేల ఏడు వానాకాలంలో, దానికి గరగర పట్టుకుంది.

లావు తీగను మెడ మొదట్లో నొక్కి మీటితే 'డుమ్' అని నిండుగా రావాలి. 'డుర్ర్' అని రావడం మొదలైంది, గొంతులో కఫం అడ్డం పడ్డ మనిషి మాట్లాడినట్టు. మెడ మీద అడ్డంగా పొదిగిన కమ్మీలను మెట్లంటారు. కిందివైపు మెట్ల మీద బాగానే ఉండేది. మొదటి మూడు నాలుగు మెట్ల దగ్గరే ఈ రోగం. మా పాటల్లో సగం అక్కడే ఉంటాయి.

తలా ఒక మాట అన్నారు. కీబోర్డు వాయించే షాలేమ్‌రాజు "వైరు పోయినట్టున్నదక్కా" అన్నాడు. బృందాన్ని నడిపే ప్రమీల టీచరు స్పీకరు చిరిగి ఉంటుందంది. ఫాదర్ గారు వాన చెమ్మ అన్నారు. వెనక బెంచీలోంచి ఎవడో "ఆడలేక మద్దెల ఓడన్నదంట" అని గొణిగాడు. వాడెవడో నాకు తెలుసు. రోజూ నా బస్సే ఎక్కుతాడు. ఆ వారమంతా వాణ్ణి ఫుట్‌బోర్డు మీద నిలబడనివ్వలేదు.

వైరు పీకేసి, గిటారు చెవి దగ్గరగా పెట్టుకుని మీటి చూశాను. గరగర అక్కడే ఉంది. అంటే కరెంటు తప్పూ కాదు, స్పీకరు తప్పూ కాదు. ఊగే తీగ పోయి మెట్టుకు తగులుతోంది. పైగా ఏ ఆదివారం వచ్చి చూసినా శ్రుతి దిగిపోయి ఉండేది. తీగలు పాతబడి సాగిపోయాయి, కొత్తవి వేస్తే అదే పోతుందిలే అనుకున్నాను.

ఇంకెవరి గుడిలోనైనా ఈ గరగర ఒక విసుగు, అంతే. మా గుడిలో ఇన్నమ్మవ్వ ఉంది.

ఇన్నమ్మవ్వ మా గుడిలో పాట ఎత్తుకునే మనిషి. చరణం ఆమె ఒక్కతే ఎత్తుకుంటుంది, పల్లవి జనమంతా అందుకుంటారు. నేను పుట్టకముందు నుంచీ అదే పద్ధతి. చిన్నప్పుడు నేను నోట్లో నాలుక లేని పిల్లని. పేరడిగినా మా అమ్మ కొంగు చాటుకు పోయేదాన్ని. ఇన్నమ్మవ్వ నన్ను వరి నాట్లకు వెంట తీసుకుపోయి, గట్టు మీద నిలబెట్టి, తను పొలం ఆ చివర నిలబడి "ఇనపడతలేదు! పెదాలు ఆడిస్తే పాటయితదా?" అని అరిచేది. తప్పు పాడితే తిట్టేది. బాగా పాడితే ఏమీ అనేది కాదు, అదే మెప్పు. ఇవాళ బస్సు వెనక సీటు దాకా వినపడే ఈ గొంతు, ఈ ఉద్యోగం, ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడే ఈ ధైర్యం, అన్నీ ఆమె పెట్టిన భిక్ష. నాకు అన్నం పెట్టింది మా అమ్మ, మాట పెట్టింది ఇన్నమ్మవ్వ.

అలాంటి మనిషికి చెవులు పోయాయి. ఏళ్ళ తరబడి చీము పట్టి, మందులు వాడి, మానేసి, చివరికి రెండేళ్ళ కిందట రెండు చెవులూ మూసుకుపోయాయి. వినికిడి మిషన్ తెచ్చి పెడితే చీము ఇంకా ఎక్కువైంది. తీసి పెట్టెలో పడేసింది. పాట మాత్రం మానలేదు. ఆమె కనిపెట్టిన ఉపాయం చూసి ఫాదర్ గారే నోరెళ్ళబెట్టారు. నా గిటారు స్పీకరు ఒక పెద్ద చెక్కపెట్టె. దాని పక్కన బెంచీ వేసుకుని, పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చునేది. నేను మీటిన ప్రతి దెబ్బా ఆమె చేతికి తెలిసేది. నా దెబ్బలు లెక్కపెట్టుకుని సరిగ్గా చోటు చూసి చరణం ఎత్తుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమెకు వినపడదని చెబితే నమ్మేవాళ్ళు కాదు.

గరగర వచ్చాక దెబ్బకూ దెబ్బకూ మధ్య సందు లేకుండా పోయింది. "పెట్టెల ఇసుక పోసి ఊపుతున్నట్టున్నది బిడ్డా, ఏ దెబ్బ ఏదో తెలుస్తలేదు" అంది. సెప్టెంబరులో ఒక ఆదివారం రెండో చరణం ముందే ఎత్తేసుకుంది. జనం ఇంకా పల్లవిలో ఉన్నారు. ముందు వరుసలో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. నవ్వు వినపడకపోయినా మొహాలు కనిపిస్తాయి కదా. అవ్వ నోరు మూసుకుని తలమీద కొంగు ముందుకు లాక్కుంది.

పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చింది. వినపడని మనిషి కాబట్టి మెల్లగా అనుకుని గట్టిగానే అంది.

"పండుగ నాడు చూస్త మహిమా. ఆనాడు గూడ తప్పితే ఇంక నేను గొంతెత్త. బెంచీల కూసోని ప్రార్థన చేసుకుంట."

మా గుడి పండుగ అక్టోబరులో. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, అడవిలో ఉన్న గూడేల నుంచి కూడా జనం వస్తారు. ఆ జనం ముందు తప్పితే ఆమె అన్న మాట మీదే ఉంటుందని నాకు తెలుసు.

ఆ మంగళవారం నాకు ఖమ్మం డ్యూటీ. టార్పాలిన్‌తో కుట్టించిన సంచిలో గిటారు పెట్టి, నా సీటు పక్కన నిలబెట్టుకున్నాను. అడవి రోడ్డులో చెక్‌పోస్టు దగ్గర పోలీసులు బస్సెక్కారు. ఆ పొడుగు సంచి చూడగానే ఒక కుర్ర కానిస్టేబులు మొహం మారిపోయింది.

"ఏందమ్మా గది?"

నేను నోరు తెరిచేలోపల డ్రైవరు గణేష్ అన్న వెనక్కి తిరిగి, "జాగ్రత్త సార్, పాటలు పేలుతయ్" అన్నాడు. బస్సంతా నవ్వింది. కానిస్టేబులు నవ్వలేదు. సంచి మొత్తం విప్పించి, గిటారు వెనకా ముందూ చూసి, మెడ తడిమి, దిగిపోయాడు. "నీ వేళాకోళం పాడుగాను అన్నా, గిటారుతో పాటు నన్నూ దించేస్తుండె" అని గణేష్ అన్నను ఖమ్మం దాకా తిడుతూనే ఉన్నాను.

ఖమ్మంలో భోజనం మానేసి హాతీరాం దుకాణానికి పోయాను. బస్టాండు వెనక సందులో తబలాలూ హార్మోనియంలూ బాగుచేసే దుకాణం. ఆయన నలభై దాటిన మనిషి, చెవి వెనక పెన్సిలు, నెమ్మదస్తుడు. గిటారు అందుకుని మీటలేదు. ఒక కన్ను మూసి, మెడ పొడుగునా చూపు సారించి చూశాడు.

"తీగలు పాతయే మేడం, మార్చాల్సిందే. కానీ గరగర తీగలది కాదు. మెడ వెనక్కి వంగింది."

"వంగుడేంది అన్నా, చెక్క గదా?"

"చెక్క లోపల ఇనుప కడ్డీ ఉంటది. తీగలు మెడను ముందుకు గుంజుతయ్, కడ్డీ వెనక్కి గుంజుతది. ఇద్దరూ సమానంగ గుంజితే మెడ నిలబడతది. మీదాంట్ల తీగలు ఓడిపోయినయ్. కడ్డీ మెడను వెనక్కి లాక్కపోయింది. అందుకే మొదటి మెట్లు లేచి తీగకు తగులుతున్నయ్." తీగ బిగించే బిరడా ఒకటి తిప్పి చూసి అడిగాడు. "వాయించినంక తీగలు ఎవరన్న వదులు చేస్తున్నరా?"

"నా గిటారు మీద చెయ్యేసేటోళ్ళు ఇంకా పుట్టలే" అన్నాను.

ఆయన నవ్వాడు. రెండు రకాల తీగలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి సన్నది, మీద చుట్టిన తీగ వేలికి గరుకుగా తగిలే రకం, తళతళ మెరుస్తోంది. రెండోది లావుది, మీద నున్నగా పట్టీ చుట్టినట్టు ఉంది. మెరుపు లేదు. దుకాణంలో ఉన్న గిటారు మీద సన్న రకం వేసి ఉంది, మీటి వినిపించాడు. కంచు గంటలా ఖంగుమంది. "ఇప్పుడు అందరూ ఇవే కొంటున్నరు మేడం" అన్నాడు. నాక్కూడా అదే నచ్చింది. తీసుకుందామని చెయ్యి చాపాను.

అప్పుడు తట్టింది, నేను చెవులతో కొంటున్నానని. చెవులున్నవాళ్ళ కోసమైతే సరే. ఇవి ఎవరి కోసం?

"అన్నా, మళ్ళొకసారి వాయించు" అని, దస్తీ రెండు ముక్కలు చేసి ఉండచుట్టి చెవుల్లో కుక్కుకున్నాను. అది చాలక ఒక చెవికి భుజం, ఇంకో చెవికి చెయ్యి నొక్కిపెట్టి, మిగిలిన అరచెయ్యి ఆయన స్పీకరు పెట్టె మీద ఆనించాను. దుకాణానికి వచ్చిన ఇద్దరు గిరాకీలు నన్ను చూసి పక్కకు జరిగారు. హాతీరాం మాత్రం కారణం అడగకుండా మీటాడు. సన్న తీగ నా అరచేతిలో చీమలు పాకినట్టు చిటపటలాడింది. అంతే. తర్వాత ఆయన తీగలు మార్చేదాకా వేచి ఉన్నాను. లావు తీగ మీటగానే మొదటి గేరులో బస్సు ఎత్తు ఎక్కుతున్నప్పుడు అడుగుభాగం పలికినట్టు పలికింది. దెబ్బ వచ్చింది, ఆగింది. మళ్ళీ వచ్చింది, ఆగింది. మధ్య సందు స్పష్టంగా తెలిసింది.

"ఇయ్యే" అన్నాను, చెవుల్లో గుడ్డలు తీయకుండానే, కేకేసినట్టు.

"ఇనకుండ తీగలు కొనేటోళ్ళను ఇయ్యాల్నే చూస్తున్న" అన్నాడాయన. అప్పుడు ఇన్నమ్మవ్వ సంగతి చెప్పాను. పెన్సిలు చెవి వెనక నుంచి తీసి, మళ్ళీ పెట్టుకుని, పని మొదలుపెట్టాడు. కొత్త తీగలు వేసి శ్రుతి చేశాడు. మెడ చివర చిన్న బొక్కలో అలెన్ కీ అనే వంపు తిరిగిన ఇనుప తాళంచెవి పెట్టి, వడ్లగింజంత తిప్పి, ఆగి, కన్ను మూసి చూసి, మళ్ళీ అంత తిప్పాడు.

"మొదటి మెట్టు మీద ఒక చెయ్యి, చివరి మెట్టు మీద ఒక చెయ్యి పెట్టి తీగను నొక్కండి మేడం. నడుమ తీగకు, మెట్టుకు సందుల విజిటింగ్ కార్డు దూరాలె. వదులుగ పోతే మెడ ముందుకు వంగినట్టు. అసలే దూరకపోతే వెనక్కి వంగినట్టు." అని, ఆ అలెన్ కీ నా చేతిలోనే పెట్టాడు. "పెద్దమ్మకు నా దండం చెప్పున్రి."

ఆ సాయంత్రం గుడిలో వాయించి చూశాను. డుమ్. నిండుగా, శుభ్రంగా. అవ్వ ఇంటికి పోయి మంగళవారమే పండుగ వచ్చిందని చెబుదామనుకున్నాను గానీ, ఆదివారం ఆమె చేతికే తెలియనీ అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే మంచిదైంది.

ఎందుకంటే ఆదివారం మళ్ళీ గరగర. డ్యూటీ దిగి నేరుగా వచ్చాను, పూజ మొదలవబోతోంది, గిటారు చూస్తే శ్రుతి దిగిపోయి ఉంది. గబగబా బిగించి వాయించాను. 'డుర్ర్.' ఇన్నమ్మవ్వ పెట్టె మీది నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు చరణాలు ఎత్తుకోలేదు. ప్రమీల టీచరే సర్దుకుని పాడింది. గుమ్మం దగ్గర అవ్వ ఆమెతో, "పండుగకు సుజాతను ఎత్తుకొమ్మను తల్లీ, ఆ పిల్లది మంచి గొంతు" అనడం విన్నాను. పండుగ మరుసటి ఆదివారమే.

నాకు తిక్కరేగింది. హాతీరాం మీద, తీగల మీద, నా మీద. బుధవారం నాకు సెలవు. గిటారు తీసుకుపోయి ఆయన మొహాన కొట్టి వద్దామని పొద్దున్నే గుడికి పోయాను. తీగలు ముట్టుకుంటే వదులుగా ఊగుతున్నాయి. కొత్త తీగలు, మూడు రోజుల్లో ఇంత సాగుతాయా? బిరడాలు వాటంతటవే తిరుగుతాయా? అక్కడే బెంచీ మీద కూలబడ్డాను.

అప్పుడు అంతోనయ్య తాత లోపలికొచ్చాడు. ఇన్నమ్మవ్వ పెనిమిటి. గుడి పక్కనే వాళ్ళ ఇల్లు. గంట కొట్టడం, తలుపులు వేయడం ఆయన పని. గానబృందంలో కీబోర్డు రాకముందు నలభై ఏళ్ళు డోలక్ వాయించిన చేతులు ఆయనవి.

"తాతా, ఈ తీగలు ఎవరన్న ముట్టిన్రా?"

"నేనే బిడ్డా" అన్నాడు, ఎంతో మామూలుగా. మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది. "నువ్వు డ్యూటీకని ఉరుకుతవు, బిగిచ్చిందాన్ని బిగిచ్చినట్టే ఇడిసిపోతవు. వారం దినాలు గట్ల బిగుసుకోని ఉంటే దానికి ప్రాణముంటదా? డోలక్ గూడ అంతే. వాయించినంక తాళ్ళు వదులు చెయ్యకుంటే తోలు అలిసిపోతది. అందుకే ఈ వానలు పడ్డప్పటి సంది నువ్వు పోంగనే ఒక్కోదాన్ని రెండు తిప్పులు వదులు చేసి, తుడిచి, గుడ్డ కప్పుతున్న. ముసల్దానికి పాట దీంట్లనుంచే గదా వచ్చేది. నేను గాకుంటే ఎవరు చూసుకుంటరు?"

నోరు తెరిచాను. నా నోరు సంగతి డిపోలో ఎవరినడిగినా చెబుతారు. కానీ తిట్టకుండా పక్కకు జరిగి బెంచీ మీద చోటిచ్చాను. ఇన్ని నెలలుగా ఈ ముసలాయన, ఎవరూ చెప్పకుండా, తన పెళ్ళాం పాటకు కాపలా కాస్తున్నాడు. ఆ కాపలాయే పాటను చంపుతోంది.

"కూసో తాతా" అన్నాను. "డోలక్ వేరు, ఇది వేరు. దీని మెడల ఇనుప కడ్డీ ఉన్నది. తీగలొక దిక్కు గుంజుతయ్, కడ్డీ ఒక దిక్కు గుంజుతది. నీ ఎడ్లబండి చూడు. జోడెడ్లల్ల ఒకటి కాడి వదిలేస్తే బండి ఏమయితది?"

"రెండోది పక్కకు ఈడ్సుకపోతది."

"గదే అయితున్నది. నువ్వు తీగలను వదులు చేస్తే కడ్డీ మెడను ఈడ్సుకపోతున్నది. మెడ వంగి తీగ మెట్టుకు రాసుకుంటున్నది."

ఆయన గిటారు మెడను తడిమి చూశాడు. తర్వాత అడిగిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అంటే ఇన్నమ్మ పాట నేనే చెడగొట్టిన్నా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయనకు అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

"అవ్ తాతా. కానీ మంచి చేస్తున్న అనుకోనే చేసినవ్. ఇప్పుడు నువ్వే బాగుచేద్దువు, పట్టు."

బిరడాలు ఆయన చేతే తిప్పించాను. నేను మీటుతూ చెబుతుంటే, ఆయన తల పక్కకు వంచి, శ్రుతికి సరిగ్గా తెచ్చాడు. డోలక్ వాయించిన చెవి కదా, నాకంటే తొందరగా పట్టుకున్నాడు. ఆ పైన తీగలు ముట్టవద్దన్నాను. మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి తాత గిటారు ముందు బెంచీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "పిల్లులొచ్చి ముడతయేమోనని" అన్నాడు. పిల్లి వచ్చి బిరడా తిప్పుతుందా? నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

విజిటింగ్ కార్డులు మా దగ్గరెక్కడివి? బస్సు ఊడ్చినప్పుడు దొరికిన పాత టికెట్లు తెచ్చాను, ప్రయాణికులు పారేసినవి. నాలుగు పొరలు మడిస్తే కార్డంత మందం. తాత తీగను రెండు చివరలా నొక్కి పట్టుకుంటే నేను టికెట్ల మడత సందులో దూర్చాను. కాస్త బిగుతుగా ఉంది. అలెన్ కీ వడ్లగింజంత తిప్పి, కాసేపు ఆగి, మళ్ళీ దూర్చాను. ఈసారి తీగను కదపకుండా, రాసుకుంటూ పోయింది. మీటాను. డుమ్.

"అవ్వను పిలువు తాతా, చూపిద్దాం."

"రానన్నది బిడ్డా. ఆ పెట్టె మీద ఇంక చెయ్యి పెట్టనన్నది." తల అడ్డంగా ఊపాడు. "పండుగ నాడు నేను తోలుకొస్త. అది కాదంటే ఎత్తుకొస్త."

పండుగ నాడు నిజంగానే చెయ్యి పట్టుకుని తోలుకొచ్చాడు. కొత్త చీర కట్టుకుంది గానీ మొహంలో కళ లేదు. పెట్టె పక్క బెంచీలో కూర్చుంది. తాత ఆమె చెయ్యి తీసి పెట్టె మీద పెట్టి, తన చెయ్యి దానిమీద పెట్టి ఉంచాడు. సుజాతను ఆగమని నేను సైగ చేశాను. ఫాదర్ గారు వెనక తలుపు దగ్గర ఊరేగింపుతో నిలబడి ఉన్నారు. గుడి నిండిపోయి, బయట షామియానా కింద కూడా జనమే.

నేను మీటాను. మొదటి దెబ్బకు అవ్వ కళ్ళెత్తి నా వంక చూసింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. ఆమె వేళ్ళు పెట్టె మీద మెల్లగా పరుచుకున్నాయి. సరిగ్గా రావలసిన చోట గొంతెత్తింది. ఆ గొంతు విన్న జనం పల్లవి ఎంత గట్టిగా అందుకున్నారంటే షామియానా కింద ఉన్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. హాతీరామన్నా, నీ చేతులు చల్లగుండ అనుకున్నాను.

పల్లవి అయిపోతుండగా కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి. కీబోర్డు మూగబోయింది. నా పెట్టె చచ్చిపోయింది. బయట జనరేటరు తాడు ఎవరో లాగుతున్నారు, అది దగ్గుతోంది తప్ప అంటుకోవడం లేదు. జనం పల్లవి ముగించి రెండో చరణం కోసం ఆగారు. ఇన్నమ్మవ్వ చెయ్యి పెట్టె మీదే ఉంది. పెట్టెలో ఏమీ లేదు. నా వేళ్ళు కదులుతున్నాయి, ఆమెకు ఏమీ అందడం లేదు. తప్పు తనదే అనుకుంది కాబోలు, తల దించుకుని చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

అంతోనయ్య తాత ఆ చెయ్యి వదల్లేదు. లేచి, నా జాకెట్టు చెయ్యి పట్టుకుని బెంచీ దగ్గరికి గుంజి, అవ్వ అరచెయ్యి తీసుకొచ్చి నా గిటారు చెక్క మీద ఆనించాడు. డోలక్ వాయించిన మనిషికి తెలుసు, తోలు పలికితే చెక్క కూడా పలుకుతుందని. "వాయించు, ఆపకు" అన్నాడు.

బలంగా మీటాను. కరెంటు లేకపోతే ఆ గిటారు పక్కవాడికి కూడా సరిగా వినపడదు. అవ్వ అరచెయ్యి దాని మీద వెతుక్కుంది. చాలలేదు. ముందుకు వంగింది. ఇంకా వంగింది. గిటారుకు పైన కొమ్ములా ఒకటి ముందుకు వచ్చి ఉంటుంది, దాని మీద దవడ ఆనించి కళ్ళు మూసుకుంది.

అట్లాగే ఉండిపోయింది. నేను మీటుతూనే ఉన్నాను. ఆమె కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి.

"ముసలోడా!" అంది. వినపడని మనిషి గొంతు కదా, గుడంతా మారుమోగింది. "ఇనపడతాంది! ఓ ముసలోడా, నాకు ఇనపడతాంది! దెబ్బ గాదు, రాగం ఇనపడతాంది!"

ఎముకలో నుంచి పోయిందని తర్వాత దవాఖానాలో చెప్పారు. చెవి తలుపు మూసుకుపోయినా, దవడ ఎముక గుండా శబ్దం లోపలికి పోతుందట. ఆ క్షణాన మాకెవరికీ అదంతా తెలియదు. తాత గోడకు ఆనుకుని, మెడలో తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఫాదర్ గారు తలుపు దగ్గర కదలకుండా నిలబడ్డారు. నాకు కంటి నీళ్ళలో మెట్లు కనపడటం లేదు. చేతులు వాటంతటవే వాయిస్తున్నాయి. ఇంకా గరగరే ఉండి ఉంటే ఆ ఎముకలోకి పోయేది ఇసుకే కదా. ప్రభువా, నీకు వేల స్తోత్రాలు అనుకున్నాను.

అవ్వ రెండో చరణం ఎత్తుకుంది. మూడోది ఎత్తుకుంది. దవడ గిటారు మీదే, ఆమె పాడుతుంటే ఆ పాట చెక్కలోకి దిగి నా పొట్టకు తగులుతోంది. జనరేటరు అంటుకోలేదు. ఆ రోజు దానితో ఎవరికీ పని పడలేదు. ఫాదర్ గారు నడుచుకుంటూ బలిపీఠం చేరారు, పాట ముగిసింది.

అవ్వ దవడ తీసి నా మొహంలోకి చూసింది. దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ముద్దు పెడుతుందనుకున్నాను.

"మూడో చరణం చివర్ల రాగం పైకి పోవాలె. నువ్వు కిందికి పోతున్నవ్" అంది. "ఎప్పటి నుంచి వాయిస్తున్నవ్ గిట్ల?"

రెండు వేళ్ళు చూపించాను. రెండేళ్ళ నుంచి.

"రెండేండ్లా! గుడి నిండ చెవులున్నోళ్ళే గదా, ఒక్కలు గూడ చెప్పలేదా?"

ప్రమీల టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. షాలేమ్‌రాజు కీబోర్డు మీద లేని దుమ్ము తుడిచాడు. నాకు పొలం గట్టు మీద నిలబడ్డట్టే ఉంది, ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తున్నాయి. బలిపీఠం దగ్గర ఫాదర్ గారు పూజ మొదలుపెట్టకుండా, పుస్తకం మూసి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపారు.

అవ్వ మళ్ళీ దవడ ఆనించింది.

"ఊఁ, పైకి పో" అంది.

పైకి పోయాను. తప్పుగా పోయాను.

"మళ్ళా" అంది.